లస్కరు పాఠం

ఆవిడంటే నాకు కుళ్ళు. చదువుకున్నవాణ్ణి కనుక అసూయ అనాలేమో గానీ, నాలో ఉన్నది అంత మర్యాదైన సరుకు కాదు. ఇరవై రెండేళ్ళు ఒకే స్టాఫ్‌రూములో, ఒకే ఫ్యాను కింద కూర్చున్నాం. ఆ ఫ్యాను గాలి కూడా ఆవిడ వైపే ఎక్కువ వెళ్తోందని నాకు అనుమానం. ఒకరోజు ఆవిడ సెలవు పెడితే వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని చూశాను. గాలేమీ ఎక్కువ రాలేదు. అప్పుడైనా కుదుటపడ్డానా అంటే లేదు, ఆవిడ కూర్చుంటేనే వస్తుందేమో అనుకున్నాను.

పోయిన నెల ఆవిడ చనిపోయింది. కబురు తెలిసి బెల్లంకొండ వెళ్ళాను. అందరిలాగా దండం పెట్టి రావాల్సింది పోయి, ఓ పక్కన నిలబడి జనాన్ని లెక్కపెట్టాను. మెడికల్ షాపుల వాళ్ళు, ఆసుపత్రుల్లో పనిచేసే ఆడపిల్లలు, మందుల కంపెనీల కుర్రాళ్ళు, మాచర్ల నుంచీ గురజాల నుంచీ పనులు మానుకుని వచ్చారు. బస్సు కండక్టర్లు ఇద్దరు యూనిఫాంలోనే ఉన్నారు. లెక్క మధ్యలో వదిలేసి, రేపు నేను పోతే వీళ్ళలో ఎవరొస్తారా అని చూసుకోవడం మొదలుపెట్టాను. ముగ్గురు తేలారు. అందులో ఒకడు నా పక్కింటివాడు, వాడికి ఎటూ తప్పదు.

నరసరావుపేటలో మాది ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీ. మందులు ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తాయో చెప్పే సబ్జెక్టు మా ఇద్దరిదీ. నాకు పిహెచ్‌డీ ఉంది, ఆవిడకి లేదు. ఈ మాట రాయకుండా ఉందామనుకున్నాను, నావల్ల కాలేదు. నా పరిశోధన మనిషి రక్తనాళాల మీద. రక్తంలో తిరిగే కొన్ని హార్మోన్లు పెప్టైడ్లు, అంటే పూసలు గుచ్చినట్టుండే చిన్న చిన్న దండలు. అవి రక్తనాళపు కండ మీదున్న రిసెప్టర్లను తాకితే ఆ నాళం బిగుసుకుంటుంది. ఆ బిగింపు మీద ఐదేళ్ళు పనిచేశాను. కాన్పుల ఆసుపత్రిలో పారేసే బొడ్డుతాడు అడిగి తెచ్చుకుని, దానిలోని ధమనిని సన్నటి ఉంగరాలుగా కోసి, వెచ్చటి ఉప్పునీళ్ళున్న గాజు గొట్టంలో వేలాడదీసి, హార్మోను చుక్క వేసేవాణ్ణి. ఉంగరం బిగిసేది, కాగితం మీద గీత పైకి లేచేది. తల్లి నుంచి వేరుపడ్డ మాంసం ముక్క, ఇంకా పిలుపు గుర్తుపట్టి పలుకుతోందే అని నాకు ఒళ్ళు పులకరించేది. అదే సంగతి క్లాసులో చెబుతుంటే వెనక బెంచీలో ఎవడో ఆవలించేవాడు. ఆ ఆవలింత నెమ్మదిగా ముందు బెంచీ దాకా వచ్చేది.

ఆవిడని అందరూ బెల్లంకొండ మేడం అనేవాళ్ళు. రోజూ ఆ ఊరి నుంచే బస్సులో వచ్చేది. రిజిస్టర్లో ఉన్న పేరు నేనిక్కడ రాసినా ఎవరూ గుర్తుపట్టరు. పొట్టి మనిషి. బోర్డు పై సగం అందక కింది సగంలోనే రాసేది, పైన నా పాఠం అలాగే ఉండిపోయేది. పిల్లలు కింది సగమే నోట్సులోకి ఎక్కించుకునేవాళ్ళు. వాచీని మణికట్టు లోపలివైపుకి తిప్పి పెట్టుకునేది. బ్యాగులో అన్నం డబ్బా పక్కనే బీపీ మిషను. బస్సులో పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళ జబ్బకు పట్టీ చుట్టేసేది. "టికెట్లు తర్వాత కొడుదువుగానీ, ఇట్టా కూర్చో అయ్యా" అని కండక్టరును కూడా వదిలేది కాదు. రక్తనాళం అనే మాట వస్తే చాలు, ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఉంగరం చేసి, అందులో చాక్‌పీసు దూర్చి, మెల్లగా బిగించేది. నా ఐదేళ్ళ పని ఆవిడ రెండు వేళ్ళతో అయిపోయేది.

ఇంకో అలవాటు ఉంది. బాగా చదివే పిల్ల లేచి జవాబు గడగడా అప్పజెబితే, ఆవిడ మొహం అమాయకంగా పెట్టి, "నాకర్థం కాలా. ఇంకోసారి చెప్పు, మీ అమ్మకి చెప్పినట్టు చెప్పు" అనేది. మొదట్లో కారిడార్లో ఆ మాట విని, ఈవిడకి నిజంగానే అర్థం కావడం లేదని చాలా సంతోషించాను. ఓ రెండు నెలలు హాయిగా నిద్రపోయాను.

పాత విద్యార్థుల పెళ్ళిళ్ళ సంగతి సరేసరి. నాకు శుభలేఖ ఫోనులో వచ్చేది. ఆవిడకి చేతికి, నాలుగు మూలలా పసుపు రాసి. ఆ పసుపు ఆవిడ టేబులు మీద రాలితే అటెండరు తుడుస్తూ, "మేడం టేబులెప్పుడూ పెళ్ళిల్లే సార్" అని నాతోనే అనేవాడు.

ఈ కుళ్ళంతా ఎక్కడ మొదలైందో నాకు బాగా తెలుసు. ఆవిడ కాలేజీలో చేరిన మొదటి ఏడాది. రిసెప్టరు అంటే తెలుగులో గ్రాహకం అని నేను క్లాసులో చెప్పాను. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు. పరీక్షలో ఒకడు, 'రక్తనాళం గోడ మీద గిరాకీలు ఉండును. హార్మోను రాగానే గిరాకీ పెరిగి నాళం ముడుచుకొనును' అని రాశాడు. ఒక్కడితో పోతే సరిపెట్టుకుందును, వాడి పేపరు చూసి పదకొండు మంది రాశారు. అందరికీ సున్నాలు వేశాను. ఆవిడ ఆ పేపర్లు తీసుకుని చదివి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది.

"సున్నా ఎందుకేశారు సార్? సగం అర్థమైంది గదా పిల్లోడికి. అక్కడికి ఎవరో వస్తారు, వస్తేనే పని జరుగుద్ది. గిరాకీ అంటే అదేగా."

"గ్రాహకం వేరు, గిరాకీ వేరు."

"మరి వీళ్ళకి తెలిసిన మాట ఒకటి చెప్పండి. రిసెప్టరంటే ఏందనుకోవాలి?"

ఎండాకాలం. కరెంటు పోయి గంటయింది. చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. విసుగ్గా, "లస్కరు అనుకోమనండి" అన్నాను. "మా నాన్న లస్కరు. పైనుంచి చీటీ వస్తే షట్టరు తిప్పేవాడు, రాకపోతే తిప్పేవాడు కాదు. రిసెప్టరూ అంతే."

అన్న వెంటనే నాలుక కరుచుకున్నాను. లస్కరంటే సాగరు కాలువ మీద తూములు కనిపెట్టుకుని ఉండే మనిషి. షట్టరు దించడం, ఎత్తడం, కట్ట మీద నడవడం, రైతులతో తిట్లు తినడం ఆయన ఉద్యోగం. మీ నాన్నగారు ఏం చేస్తారని ఎవరైనా అడిగితే నేను ఇరిగేషన్ డిపార్టుమెంటు అనేవాణ్ణి. అవతలివాళ్ళు ఇంజనీరు కాబోలు అనుకుంటే అనుకోనిచ్చేవాణ్ణి. ఆ రోజు దాకా కాలేజీలో ఎవరికీ అసలు సంగతి తెలియదు.

రెండు వారాల తర్వాత ఆవిడ క్లాసు ముందునుంచి వెళ్తుంటే లోపలి నుంచి, "ఒక లస్కరుండేవాడురా" అని వినపడింది. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. లోపల ఒక్క ఆవలింత లేదు. మా ఇంట్లో దొంగ పడ్డట్టు అనిపించింది. నేరుగా ప్రిన్సిపాలు గదిలోకి వెళ్ళి, "మేడం పాఠం చెప్పడం లేదు సార్, హరికథ చెప్తోంది" అన్నాను. ఆయన ఫైలులోంచి తల ఎత్తకుండా, "మీరు సీనియరు కదా, ఓ రోజు వెనక కూర్చుని చూసి రిపోర్టు రాయండి" అన్నాడు. అంతకంటే మంచి పని నాకెవరూ అప్పగించలేదు.

వెళ్ళి చివరి బెంచీలో పిల్లల పక్కన కూర్చున్నాను. ఆవిడ నన్ను చూసి నవ్వి, ఏమీ మార్చకుండా మొదలుపెట్టింది.

"కాలవ మీద పది తూములు. తూముకో లస్కరు. పైనుంచి చీటీ వచ్చుద్ది. ఎనిమిది పూసల దండ, పేరు యాంజియోటెన్సిన్ టూ. చీటీ తెచ్చినోడు లోపలికి రాడు, అది గుర్తుపెట్టుకోండి. గడప బయటే లస్కరు చేతిలో పెడతాడు. లోపల చక్రం తిప్పేది లస్కరే. చక్రం తిరిగితే కణంలో కాల్షియం పెరుగుద్ది, కండ బిగుసుద్ది, దారి ఇరుకైద్ది. పదిమందీ ఒక్కసారే షట్టర్లు దించారనుకో, కట్టకేమైద్ది?"

"గండి పడుద్ది మేడం!"

"అదిరా బీపీ అంటే. తలకాయలో గండి పడిందంటే పక్షవాతమే."

తర్వాత లస్కరై చూపించింది. చీటీ అందుకుని, మడిచి, చెవి సందున పెట్టుకుంది. భుజాన లేని తువ్వాలు తీసి రెండు చేతులూ తుడుచుకుంది. అప్పుడు గానీ చక్రం మీద చెయ్యి వెయ్యలేదు. అది మా నాన్నే. ఆ చెవి సందు సంగతి గానీ, ఆ చేతులు తుడుచుకోవడం గానీ నేనావిడకి చెప్పలేదు.

ఎవడో బీపీ మాత్ర ఏం చేస్తుందని అడిగాడు. "మాత్ర షట్టరు జోలికి పోదు. పనీపాటా లేని మనిషి లాగా వచ్చి లస్కరు పక్కన కూర్చుని కబుర్లు పెట్టుకుంటది" అంటూ ఆవిడ టేబులు అంచున కూర్చుంది. "చీటీ తెచ్చినోడు నిలబడి నిలబడి పోతాడు. షట్టరు దిగదు." మరి రోజంతా చీటీల మీద చీటీలు వస్తేనో అంది. జవాబూ తనే చెప్పింది. "విసుగెత్తి గుడిసెలోకి పోయి తలుపేసుకుంటాడు. రిసెప్టరూ అంతే, కణం లోపలికి పోయిద్ది. ఇంక ఎన్నిసార్లు పిలిచినా పలకదు." నా థీసిస్‌లో అదొక పూర్తి అధ్యాయం. నా ఉంగరాలు మొదటి చుక్కకి బిగిసి, రెండో చుక్కకి సగమే బిగిసి, మూడో చుక్కకి ఊరుకుంటే, నెలల తరబడి తల పట్టుకున్నాను. పక్కనున్న పిల్లవాడు నోట్సులో గుడిసె బొమ్మ గీసి, తలుపు మీద రిసెప్టరు అని రాసుకున్నాడు.

'విషయం సరైనదే. భాష మరీ పల్లెటూరిది' అని రిపోర్టు రాసిచ్చాను. ప్రిన్సిపాలు దాన్ని సొరుగులో వేశాడు, మళ్ళీ బయటికి తీయలేదు.

ఆ ఆదివారం విజయపురి సౌత్ వెళ్ళాను. నాన్న రిటైరయ్యాక అక్కడే మా చెల్లెలి దగ్గర ఉండేవాడు. నన్ను చూడగానే మంచం మీద లేచి కూర్చున్నాడు.

"మీ కాలేజీ పంతులమ్మ వచ్చిందిరా మొన్నామధ్య. పొట్టిది. నాక్కూడా బీపీ చూసింది."

"ఎందుకొచ్చింది?"

"నన్ను చూడ్డానికే. కాలవాఫీసులో అడిగి ఇల్లు కనుక్కుందంట. చీటీ యాడ పెట్టుకునేవాడివి, ముందు ఏ చెయ్యి వేసేవాడివి, ఇద్దరు రెండు రకాలుగా చెప్తే ఎవరి మాట వినేవాడివి, అన్నీ అడిగింది. పొద్దుగూకిందాకా కూర్చుంది. నువ్వేనాడన్నా అడిగావంట్రా ఇవన్నీ?"

నిష్ఠూరంగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. నిష్ఠూరంగా అన్నా బాగుండేది. ఆయన తూముల దగ్గర ముప్పై ఏళ్ళు చేసింది ఏమిటో నాకంటే ఆవిడకి ఎక్కువ తెలుసు. బిడ్డను నేను, అన్నీ చెప్పించుకుంది ఆవిడ. ఆ నిమిషంలో ఆవిడ మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు.

"క్లాసులో నా సంగతి చెప్తావంటగా?" అన్నాడు నాన్న. "ఆ అమ్మ చెప్పింది. మా సారు లస్కరు పాఠం చెప్తుంటే పిల్లలు నోరు తెరుచుకుని వింటారంది. నిజమేనంట్రా?"

"ఆ" అన్నాను.

ఆయన భుజాన ఉన్న తువ్వాలు తీసి రెండు చేతులూ తుడుచుకున్నాడు. చేతులకేమీ అంటలేదు, ఊరికే తుడుచుకున్నాడు.

సోమవారం స్టాఫ్‌రూములో ఎవరూ లేకుండా చూసి, "మా నాన్నకి అబద్ధం ఎందుకు చెప్పారు?" అని అడిగాను. ఆవిడ అన్నం డబ్బా మూత తీస్తూ, "మా వాడు క్లాసులో ఏం చెప్తాడమ్మా అని అడిగాడు సార్ ఆయన. ఏదో ఒకటి చెప్పాలిగా" అంది. అన్నం కలుపుకుంటూ, "అబద్ధమేముంది సార్ అందులో, మీరింకా చెప్పలేదు, అంతేగా" అంది.

నేను చెప్పలేదు. నాన్న ఆ తర్వాత రెండేళ్ళు ఉన్నాడు, అప్పుడూ చెప్పలేదు. ఆయన పోయాకా చెప్పలేదు. మొదట్లో లస్కరనే మాటకి సిగ్గు. తర్వాత, ఆవిడ చెప్పేశాక నేను చెబితే ఆవిడని చూసి చెప్పినట్టుంటుందని పంతం. నా సొంత తండ్రి నాకు ఆవిడ ఎంగిలయ్యాడు. గ్రాహకం, గ్రాహకం అంటూనే రిటైరయ్యాను.

ఆవిడ రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటుందనుకున్నాను. కూర్చోలేదు. నరసరావుపేట బస్టాండు దగ్గర మా పాత విద్యార్థి కోటేశు మెడికల్ షాపు ఉంది. రోజూ సాయంత్రం అక్కడ ఓ ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, బీపీ మాత్రలు కొనడానికొచ్చిన వాళ్ళకి ఆ మాత్ర ఏం చేస్తుందో చెప్పేదని విన్నాను. నేను మాత్రం ఆ వీధిలోంచి పోవడం మానేసి చుట్టు తిరిగి పోయేవాణ్ణి.

బెల్లంకొండ నుంచి వచ్చిన వారానికి నాకు తల బరువుగా ఉంటే డాక్టరుకి చూపించుకున్నాను. బీపీ అన్నాడు. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన మాత్రే నాకు రాశాడు. ఇంక ఆవిడ ఉండదు కదా అనుకుని కోటేశు షాపుకే వెళ్ళాను. స్టూలు ఉంది. ఖాళీగా ఉంది. ఎవరూ దాన్ని తీసి లోపల పెట్టలేదు.

కోటేశు చీటీ చూసి, "లస్కరు పక్కన కూర్చునే మాత్రే సార్ ఇది. మీకు నేను చెప్పేదేముంది, మీ నాయన పాఠమేగా" అన్నాడు.

"మా నాన్నదని నీకెవరు చెప్పారు?"

"మేడమే సార్. మాకూ చెప్పింది, మా జూనియర్లకీ చెప్పింది. ఈ పాఠం నాది కాదురా, మీ సారు వాళ్ళ నాయనది, సార్నడగండి, నాకంటే బాగా చెప్తాడు అనేది."

ఇరిగేషన్ డిపార్టుమెంటు అని నేను మెడ నిక్కించుకుని తిరిగిన అన్నేళ్ళూ, నా ఎదురుగా కూర్చున్న ప్రతి పిల్లవాడికీ సంగతి తెలుసన్నమాట.

"మరి ఒక్కడూ వచ్చి అడగలేదేం?"

"మీరంటే భయం సార్" అన్నాడు. నవ్వాలో వద్దో తెలియక మాత్రల పెట్టె సర్దుతూ, "ఆ గిరాకీ అని మొదట రాసింది నేనే సార్" అన్నాడు.

నేనేదో అనబోతుంటే ఒక ముసలమ్మ వచ్చి కౌంటరు మీద సంచీ పెట్టింది. రెంటచింతల నుంచి వచ్చింది. కొడుకు క్వారీలో పనిచేస్తాడట. కోటేశు ఆమెకి బీపీ చూసి మొహం చిట్లించాడు.

"మాత్ర మింగట్లేదా అమ్మమ్మా?"

"మానేశా. నొప్పా, జొరమా, ఏముందని మింగాలి? మేడం ఏది? ఇయ్యాల రాలేదా?"

కోటేశు మెల్లగా సంగతి చెప్పాడు. ఆమె చానాసేపు స్టూలు వైపు చూసింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "అయితే ఎందుకులే అయ్యా నాకు మాత్రలు" అని సంచీ చేతిలోకి తీసుకుంది. మిషనులో కనిపించిన ఆ అంకె అలాగే ఉంటే బస్సులో ఆ ఊరు చేరేలోపే ఏమైనా కావచ్చు. కోటేశు నా వైపు చూశాడు. "సార్" అన్నాడు, అంతే.

"అమ్మా, యాంజియోటెన్సిన్ అని ఒక హార్మోను ఉంటుంది" అని మొదలుపెట్టాను. ఆమె బస్సుల వైపు చూసింది. "అది గ్రాహకాన్ని తాకినప్పుడు" అన్నాను. ఆమె చెప్పులు సర్దుకుంది.

వెళ్ళి ఆ స్టూలు మీద కూర్చున్నాను.

"మా నాయన లస్కరమ్మా" అన్నాను. "సాగరు కాలవ మీద."

ఆమె ఆగింది. "మా పొలానికి నీళ్ళొచ్చేది ఆ కాలవేగా" అంది.

చెప్పాను. చీటీ వచ్చేది, ఆయన మడిచి చెవి సందున పెట్టుకునేది, తువ్వాలుతో చేతులు తుడుచుకునేది, అన్నీ చెప్పాను. షట్టర్లన్నీ ఒక్కసారే దిగితే కట్ట ఏమవుతుందో ఆమే చెప్పింది. మాత్ర వచ్చి లస్కరు పక్కన కబుర్లు పెట్టుకుని కూర్చుంటుందంటే నోరంతా తెరిచి నవ్వింది. ఒక్కరోజు మానినా అక్కడ పక్కన ఎవరూ ఉండరమ్మా, చీటీ అందుకుని చక్రం తిప్పేస్తాడు అన్నాను. నా ఎడమచేతి రెండు వేళ్ళూ ఎప్పుడు ఉంగరమయ్యాయో నాకు తెలియదు. కోటేశు పెన్ను అందులో బిగుసుకుని ఉంది.

ఆమె అక్కడే మాత్ర నోట్లో వేసుకుని, సీసాలో నీళ్ళు తాగింది. మూతి తుడుచుకుని, నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"బాగా చెప్పావు నాయనా. నువ్వు ఆ మేడం కాడ చదువుకున్నావా?"

కోటేశు గబుక్కున వెనక్కి తిరిగి అరల్లో ఏదో వెతకడం మొదలుపెట్టాడు. నాకు పిహెచ్‌డీ ఉంది, ఆవిడకి లేదు.

"ఆ" అన్నాను.